రంగు తేలేదాకా...

*కాళ్లకు ప్యాంట్లు తొడుక్కున్న బ్రహ్మ కోళ్లు ఫోన్లలోంచి పెరళ్లలోకి దిగాయి. పెన్న ఒడ్డున ఒక గంప కింద తొమ్మిది పిల్లలు పెరిగిన ఏడు నెలల ముచ్చట ఇది.*

పొద్దన్నే ఆరున్నర. మైలవరం ఆనకట్ట మీదుగా వచ్చే గాలికి కార్తీకపు చలి ఇంకా వదల్లేదు. వేపచెట్టు కింద బోర్లించిన గంపను మా జేజి ఒక చేత్తో ఓరగా ఎత్తింది. ముందు తల్లి బయటికొచ్చింది. తల ఒక పక్కకు వంచి ఒంటికన్నుతో ఆకాశాన్ని చూసుకుని, గద్ద లేదని నమ్మకం కుదిరాక, కొక్కొక్కుమని పిలిచింది. ఆ పిలుపుకు ఒకదాన్నొకటి తోసుకుంటూ పిల్లలు. జేజి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. తొమ్మిది. నాలుగు మా ఇంటి నాటుపెట్టవి. ఐదు, నేను ప్రొద్దుటూరులో కొని, దూదిలో చుట్టి, జమ్మలమడుగు మీదుగా బస్సులో ఒళ్లో పెట్టుకొచ్చిన గుడ్లవి.

ఆమె ఒకదాన్ని పట్టి వెల్లకిలా తిప్పింది. మోకాలి నుంచి వేళ్ల దాకా నూగు. కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూసింది.

"యా ఊరి కోళ్లురా అబ్బీ ఇవి? గుడ్డులోనే ప్యాంట్లు తొడుక్కున్యాయి!"

"బ్రహ్మ కోళ్లు జేజీ."

"బ్రహ్మ గానీ, ఇష్ణువు గానీ. గద్దొస్తే పరిగెత్తుతాయా ల్యాదా? అది సెప్పు ముందు."

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. గుడ్డు ఎంతకు కొన్నానో చెప్పినప్పుడు కోడి ధర అనుకుని "పర్వాల్యా" అన్న మనిషి ఆమె. గుడ్డు ధరేనని తెలిసిన రోజు నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

ఫోన్లో పుట్టిన మోజు

2017 మార్చిలో కొసోవో దేశం నుంచి ఒక వీడియో ప్రపంచమంతా తిరిగింది. గూటి తలుపులోంచి ఒక పుంజు వంగి బయటికి వస్తుంది. వస్తూనే ఉంటుంది. ఒళ్లంతా బయటపడి నిలబడేసరికి, వేషం కట్టుకున్న మనిషేమోనని చాలామంది అనుమానపడ్డారు. అది బ్రహ్మ పుంజు. అప్పటి నుంచి మన ఊళ్లలో కూడా ఫోన్లున్న కుర్రాళ్లకు ఆ జాతి మీద కన్ను పడింది. ఇప్పుడు పులివెందుల తోటల్లో, ప్రొద్దుటూరు మిద్దెల మీద, పావురాల గూళ్ల పక్కన వీటికీ ఓ గది. సంగటిలోకి నాటుకోడి పులుసు తప్ప కోడికి ఇంకో ప్రయోజనం ఎరగని సీమలో, కోసుకోవడానికి కాక చూసుకోవడానికి కోళ్లు పెంచడం పెద్దవాళ్లకు వింతే.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడి, ఇక్కడి చికెన్ అంగళ్లు కూడా వెలవెలబోయిన రోజుల్లో 'ఇంటి కోడే మేలు' అన్న మాట మళ్లీ వినపడింది. నిజానికి ఆ జబ్బు పెరటి కోళ్లను వదిలిపెట్టేదేమీ కాదు. కానీ భయానికి లెక్కలుండవు. నాటుపిల్లల బేరాలు పెరిగాయి, వాటితోపాటు ఈ కొత్తరకాల బేరాలూ.

బేరమంతా బొమ్మ మీదే. ఫోన్లో కనిపించేది ఏడాదిన్నర పుంజు. చేతికొచ్చేది గుడ్డో, దూదిపింజ లాంటి ఒకరోజు పిల్లో. ఆ రెండింటి మధ్య ఏం జరుగుతుందో చెప్పేవాడు లేడు. నేను ఈ కథ రాయడానికి కారణం ఆ మధ్య కాలమే.

> బ్రహ్మపుత్ర పేరు, షాంఘై ఒళ్లు
>
> పేరు మనది. బ్రహ్మపుత్రా నది పేరే కుదించుకుపోయి 'బ్రహ్మ' అయింది. జాతి తయారైంది మాత్రం 1840లు, 1850ల్లో అమెరికాలో. చైనా ఓడరేవు షాంఘై నుంచి దిగిన పెద్ద కోళ్లకూ, బెంగాల్ వైపు చిట్టగాంగ్ కోళ్లకూ కలిసిన సంతానమిది. 1852లో జార్జ్ బర్న్‌హామ్ అనే అమెరికా వ్యాపారి తొమ్మిది కోళ్లను విక్టోరియా రాణికి కానుకగా పంపాడు. ఆ వార్తతో ధరలు ఆకాశానికెక్కాయి. జనానికి పట్టిన ఆ కోళ్ల పిచ్చి మీద 1855లో ఆయనే ఎగతాళిగా ఒక పుస్తకం కూడా రాశాడు. 1874లో వచ్చిన అమెరికా ప్రమాణాల పుస్తకంలో లేతరంగు, ముదురురంగు బ్రహ్మలు రెండూ చేరాయి. గోధుమ పసుపు రకానికి గుర్తింపు 1924లో. ప్రమాణాల ప్రకారం పుంజు సుమారు ఐదున్నర కిలోలు, పెట్ట నాలుగు కిలోల పైన.

నెల రోజుల దాకా అందరూ ఒకటే

మొదటి వారం నా ఐదు పిల్లలు ఇలా ఉన్నాయి: రెండు లేత పసుపు, వీపు మీద పొగ చూరినట్టు మసక. ఒకటి ఉడుతలా గోధుమ చారలది. ఒకటి బంగారు ముద్ద. ఐదోది నల్లగా, పొట్ట కింద తెల్లగా, కాళ్లు మాత్రం నున్నగా. కాళ్లకు నూగు లేని ఆ పిల్లను చూడగానే అర్థమైంది, నాకు అమ్మిన గుడ్లలో ఒకటి బ్రహ్మది కానే కాదు. ఆరో గుడ్డు పిల్ల కానేలేదు. అమ్మినాయన పేరు ఇక్కడెందుకు? ఆయనకూ పెట్టలు ఏ పుంజుతో తిరిగాయో తెలిసి ఉండదు.

నేను ఆ వారంలోనే పేర్లు పెట్టేశాను. పుంజు పేర్లు, పెట్ట పేర్లు. జేజి నవ్వింది.

"నూగు రాలనీ రా. ఇప్పుడు పెట్టిన పేరు సంకురాత్రికి పనికిరాదు."

పల్లెలో కోడి రంగును అందం కోసం చూడరు. అది పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. పొద్దన గంప ఎత్తితే మాపటి దాకా నాలుగిళ్ల కోళ్లు ఒకే దిబ్బ మీద మేస్తాయి. చీకటి పడే వేళకు ఎవరి కోడి ఎవరి గంప కింద చేరిందో తేల్చేది రంగే. 'నాది మైలది, నీది ముంగిస' అన్న తగాదాలు వీధిలో ఎన్ని విన్నానో. నెల లోపు పిల్లకు రంగు తేలదు గనక, దానికి సాక్ష్యం వేరే కట్టాలి. జేజి తన నాలుగు పిల్లల కాళ్లకు పాత చీర అంచు చించి పీలికలు కట్టింది. పిల్ల కాలు లావయ్యేకొద్దీ వారానికోసారి విప్పి వదులుగా కట్టేది. నావాటికి అవసరం లేకపోయింది. అంత బొచ్చుకాళ్లు ఊళ్లో ఇంకెవరికీ లేవు.

రంగు విషయంలో మోసపోవడం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ప్రొద్దుటూరు వీధుల్లో సైకిలు మీద జల్లలు కట్టుకుని రంగు కోడిపిల్లలు అమ్మేవాళ్లు వచ్చేవాళ్లు. గులాబీ, పచ్చ, ఊదా. గుడ్లకోళ్ల హేచరీల్లో మగపిల్లలతో పనిలేదు. గుడ్డు పెట్టవు, మాంసానికి త్వరగా పెరగవు. వాటినే రంగునీళ్లలో ముంచి పిల్లల చేతుల్లో పెట్టేవాళ్లు. నేనొక పచ్చపిల్లను కొన్నాను. మూడో వారానికి రెక్కల దగ్గర తెల్ల ఈకలు పొడిచాయి. పచ్చ అంతా నూగుతోపాటు రాలిపోయింది. దానికి జబ్బు చేసిందని ఏడ్చాను. అట్టపెట్టెలో పెట్టిన పిల్ల అన్ని రోజులు బతకడమే గొప్ప అని అప్పుడు తెలియదు.

ఒంటి మీద మగ్గం

కోడికి ఈక ఒక్కసారి వచ్చి ఆగదు. నూగు పోయి మొదటి ఈక వస్తుంది. అది రాలి లేత ఈక. అదీ రాలి, ఐదారు నెలలకు గానీ పెద్ద ఈక రాదు. ప్రతి మార్పులోనూ రంగు కొంచెం జరుగుతుంది. ఆరో వారం నుంచి మూడో నెల దాకా ఉండే రూపం మాత్రం ఏ తల్లికీ ముద్దు రానిది. మెడ బోసి, తోక మొండి, వీపు మీద అక్కడక్కడా ముళ్లలా పొడుచుకొచ్చే ఈకగొట్టాలు. బ్రహ్మలకు ఈ అవస్థ ఇంకా ఎక్కువ. ఎముక ముందు పెరుగుతుంది, కండ తర్వాత. రెండో నెలలో నా పిల్లలు కట్టెపుల్లల మీద నిలబెట్టిన సంచుల్లా ఉండేవి.

అప్పుడే చూడాల్సింది. పొగమసక పసుపు పిల్లలు రెండూ తెల్లబడ్డాయి. ఐదో వారంలో మెడ వెనక నల్లటి గీతలు మొదలై, మూడో నెలకు ప్రతి గీతకూ తెల్ల అంచు తేలింది. తోక నలుపు. బంగారు ముద్ద బంగారంగానే ఉండి, మెడ దగ్గర మాత్రం అదే నల్లహారం వేసుకుంది.

ఉడుతచారల పిల్ల నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టింది. అది పుంజైతే మెడ వెండిలా, రొమ్ము కాకినలుపుగా మారాలి. పెట్టైతే బూడిద. మూడు నెలలు ఎటూ తేల్చలేదు. సంక్రాంతి దాటి ఒక పొద్దున రొమ్ము మీద కొత్త ఈక పీచు విప్పుకుంది. ఒక్క ఈకలోనే నాలుగు సన్నగీతలు, ఈక అంచు ఎలా వంగితే అలా వంగి, ఒకదానిలో ఒకటి ఒదిగి. మా జమ్మలమడుగు చుట్టుపక్కల మగ్గం చూసినవాళ్లకు ఆ పని విలువ తెలుస్తుంది. ఒక్క పోగు తప్పలేదు. జేజి దూరం నుంచి ఒక్కమాటలో తేల్చేసింది, "మైల పెట్ట." మైలవరానికి మైల పెట్టే రావాలి మరి. ఊరి పేరుకూ కోడి రంగుకూ చుట్టరికం లేదు లెండి, నా సరదా.

నున్నకాళ్ల నల్లపిల్లను ఆమె మొదట్లో కాకి అంది. ఐదో నెలలో దాని మెడ మీద ఎర్రతీగలు దిగాయి. కాకిడేగ అని సవరించుకుంది. ఆమె కూడా తప్పు చెప్పిందని నాకు లోలోపల ఎంత సంబరమో.

> రంగుకో పేరు
>
> కోడి రంగులకు తెలుగులో ఉన్నన్ని పేర్లు ఇంకేదైనా పెంపుడు జీవానికి ఉన్నాయా? ఎర్రది డేగ, నల్లది కాకి, తెల్లది సేతు. రెక్కల మీదా వీపు మీదా పసుపు దిగితే నెమలి. నలుపు, ఎరుపు, పసుపు కలిస్తే కౌజు. బూడిద కలిసింది మైల. మెడ మీద నలుపు తెలుపు సమంగా ఉంటే పర్ల, మెడ నల్లబడితే సవల. బంగారుఛాయది అబ్రాసు, ముంగిస బొచ్చు పోలింది ముంగిస. పింగళ, పూల, గేరువా ఇంకా ఉన్నాయి. వీటిని భద్రంగా దాచింది పందెగాళ్ల కుక్కుటశాస్త్రం. ఏ వారం ఏ రంగు గెలుస్తుందో కూడా అందులో రాసుకున్నారు. ఓడిపోయినవాళ్ల చేతుల్లోనూ అదే పుస్తకం ఉంటుందన్న సంగతి ఎవరూ అడగరు. కత్తి కట్టే పందేలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి రాష్ట్ర జూద నిరోధక చట్టం కింద నేరం.

ఇన్ని రంగులకూ కోడి ఒంట్లో ఉన్న సిరాలు రెండే, నలుపు ఒకటి, ఎరుపు ఒకటి. ఎరుపును పలచన చేస్తే పసుపు, రెండూ ఆపేస్తే తెలుపు. ఎక్కడ ఏది ఎంత పోయాలో తల్లిదండ్రుల నుంచి వచ్చిన లెక్క చెబుతుంది. చారలూ చుక్కలూ ఆ రెండు సిరాలు వంతులేసుకుని దిగడం వల్ల వచ్చినవే. శాస్త్రానికి కూడా కోడి ఋణం ఉంది. మెండెల్ బఠానీ మొక్కల్లో కనిపెట్టిన వారసత్వ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని 1902లో విలియం బేట్‌సన్ చూపించింది కోళ్ల మీదే. ఆయన పట్టి చూసిన వాటిలో బఠానీ గింజల వరసలా అణిగి ఉండే జుట్టు ఒకటి. బ్రహ్మకు ఉన్నది ఆ జుట్టే. మన పందెపు జాతి అసీల్ పుంజుకూ అదే. పేరు తప్ప మన గాలి తగలని జాతి అనుకున్న దాని నెత్తి మీద మన వైపు చుట్టాల ఆనవాలు అలా మిగిలిపోయింది.

గుణం రంగుకంటే ఆలస్యం

నాటుపిల్ల పుట్టిన మూడో రోజుకే మనిషి నీడను నమ్మదు. తల్లి గొంతులో రెండు హెచ్చరికలుంటాయి. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక కూత, నేల మీద పిల్లో ముంగిసో వస్తే ఇంకోటి. మొదటి దానికి పిల్లలు కదలకుండా నేలకు అతుక్కోవాలి. రెండో దానికి తలా ఒక దిక్కు పరుగెత్తాలి. జేజి పిల్లలు ఆ పాఠం మొదటివారంలోనే నేర్చాయి. నా బ్రహ్మలు గద్ద కూతకు తలెత్తి చుట్టూ చూసేవి, ఎవరో పిలిచారన్నట్టు. రెండుసార్లు తల్లి ఎగిరి పడబట్టి దక్కాయి. జేజి మొదటిరోజు అడిగిన ప్రశ్నకు జవాబు అలా దొరికింది.

అలాగని అవి మందమతులు కావు. భయం తక్కువ, తొందర తక్కువ. బంగారుది అరచేతిలో నూక పెడితే ఎక్కి కూర్చుని అక్కడే కునుకు తీసేది. బూడిదది మూడు నెలలు దగ్గరికి రానే లేదు. ఒళ్లంతా గీతలు తేలాక ఒకరోజు తనంతట తానే వచ్చి నా చెప్పు మీద నిలబడింది. ఈకకూ ధైర్యానికీ లంకె ఉందని నేననను. పెరిగే పిల్ల ఒక్కోటి ఒక్కో వేళకు కుదురుకుంటుంది.

అందరికంటే నెమ్మది అనుకున్న తెల్లపుంజు ఐదో నెలలో మారిపోయింది. గొంతు పగిలి, కూతా దగ్గూ కాని ఒక శబ్దం మొదలుపెట్టింది. నీళ్ల చెంబుతో వెళ్తే మోకాలి మీదికి దూకింది. జేజి దాన్ని కొట్టలేదు, అదిలించలేదు. ఒడిసిపట్టి చంకలో ఇరికించుకుని, అరగంట సేపు ఇల్లంతా తిరుగుతూ పని చేసుకుంది. పెట్టలన్నీ చూస్తుండగా. ఇలా నాలుగు రోజులు. ఐదోరోజు నుంచి ఆమెను చూస్తే పక్కకు తప్పుకునేది. నా మోకాలి మీదికి మాత్రం ఇంకో నెల దూకుతూనే ఉంది.

అసలు పెద్దరికం ఎవరిదో అందరికంటే ఆలస్యంగా తెలిసింది. నా బూడిదపెట్ట మూడు కిలోలకు చేరువలో ఉంది. జేజి నాటుపెట్టల్లో చిన్నది అందులో సగం లేదు. కానీ గింజల పళ్లెం దగ్గర ఆ చిన్నది ఒక్క పోటు పొడిస్తే పెద్దది వెనక్కి తగ్గి, తన వంతు కోసం నిలబడేది. కోళ్లలో ఎవరు ఎవరిని పొడవవచ్చో ఒక వరస ఉంటుందని 1920ల మొదట్లో లోకానికి చెప్పినవాడు నార్వే శాస్త్రవేత్త షెల్డరప్-ఎబ్బే. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే పెరట్లో కూర్చుని ఏ కోడి దేన్ని పొడిచిందో రాసుకునేవాడట. ఆ లెక్కల పుస్తకం జేజి కంట్లోనే ఉంది. "పెద్ద ఒళ్లుంటే సాలదురా, బుద్ధిలో పదునుండాల," అంది. అది కోళ్ల గురించేనా, నా గురించా అని అడగలేదు.

నాటువాటిలో ఒకదానికి ఎక్కడో అసీల్ రక్తం తగిలినట్టుంది. అది మూడో వారం నుంచే తోటిపిల్లలతో ముక్కు ముక్కు ఆనించి నిలబడేది. అందుకే అసీల్ పెంచేవాళ్లు పుంజుపిల్లలను త్వరగా విడదీస్తారు.

> పిల్లలు దక్కాలంటే
>
> పొదిగేది 21 రోజులు. తల్లి లేని పిల్లలకు మొదటివారం 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పెరటి కోళ్లను తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. ఉత్తరాఖండ్‌లోని కొండ ఊరు రాణిఖేత్ పేరే దీనికీ ఉంది. 5–7 రోజుల వయసులో కంట్లోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క, రెండో వారం చివర గంబోరో టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, 6–8 వారాలకు ఆర్‌టూబీ సూది. మశూచి టీకా వేరు. పశువుల ఆసుపత్రిలో అడిగితే చెబుతారు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది. జబ్బు వచ్చాక మందు వెతకడం, మందు ఉన్నప్పుడు జబ్బును మరవడం మన అలవాటు.

తెల్లకోడి ఎందుకు బతకదు?

పెరట్లో రంగు ప్రాణరక్షణ కూడా. ఫారం తెల్లకోడిని దిబ్బ మీద వదిలితే మైలు దూరం నుంచి గద్దకు విందు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరళ్ల కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తీర్చినప్పుడు వాటికి రంగుఈకలు ఉండేలా చూసుకుంది అందుకే. చెత్తలో, చెట్టునీడలో కలిసిపోవాలి. 2019 పశుగణనలో దేశంలోని 85 కోట్ల కోళ్లలో పెరటివి సుమారు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే 46 శాతం దాకా పెరిగాయి. రైతుకు కావాల్సింది ఈ రకాలే, బ్రహ్మలు కావు. ఆరేడు నెలలు నిండితే గానీ గుడ్డు పెట్టని, రోజంతా తినే కోడి బతుకుతెరువు కాదు. కొనబోయే కుర్రాళ్లకు ఈ ముక్క ముందే చెప్పాలి. లాభం కోసమైతే వద్దు. కూర్చుని చూసే ఓపికుంటే, బొమ్మ చూసి గుడ్డు కాదు, తల్లినీ తండ్రినీ కళ్లారా చూసి నెల దాటిన పిల్లను కొనండి. కాళ్లు చూడండి, జుట్టు చూడండి. రంగును మాత్రం ఎవరు హామీ ఇచ్చినా నమ్మొద్దు.

ఎండ అసలు పరీక్ష

ఏప్రిల్ వచ్చింది. కడప జిల్లాలో ఏప్రిల్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మా కోళ్లగూడు నాపరాళ్లతో కట్టింది. ఈ ప్రాంతంలో గోడకైనా గూటికైనా కప్పుకైనా ఆ బండే. చలికాలం బాగుంటుంది. మే నెలలో పగలంతా తాగిన ఎండను రాత్రి పది దాకా కక్కుతుంది.

కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి, జుట్టులోంచీ గడ్డం కింద వేలాడే తోలులోంచీ వేడిని వదులుకుంటుంది. బ్రహ్మకు ఆ జుట్టు చిన్నది. మంచుదేశంలో అది వరం, గడ్డకట్టి పాడవ్వదు. ఇక్కడ వేడి పోయే కిటికీ మూసేసినట్టు. అసీల్‌కూ జుట్టు చిన్నదే కానీ ఒంటి మీద బొచ్చు పలచన, కాళ్లు బోసి. వీటికి కాళ్ల దాకా రగ్గు.

మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం బంగారుపెట్ట రెక్కలు దూరంగా జాపి, మెడ వాల్చి పడుకుంది. నీళ్లు తాగించాం. తడిగోనె మీద పెట్టాం. మాపటికి పోయింది. ఆ రాత్రి జేజి ఏమీ అనలేదు. పొద్దన్నే లేచి గూటి చుట్టూ గోనెపట్టాలు కట్టించి, కుండలో నీళ్లు పోసి వేపచెట్టు మొదట్లో పాతించింది. తన నాటుకోళ్ల కోసం ఎన్నడూ చేయని పని. అవి ఎప్పటిలాగే కంపచెట్ల నీడ వెతుక్కుని, మట్టి తోడుకుని, చల్లమట్టిలో పొట్ట ఆనించి కూర్చున్నాయి.

జూన్ మొదట్లో నేను తిరుగుప్రయాణం. ఎండ ఇంకా తగ్గలేదు. వెళ్లొస్తానని చెప్పడానికి పెరట్లోకి వెళ్తే, తెల్లపుంజు కుండ పక్కన తడినేల మీద ఒరిగి రొప్పుతోంది. మెడలోని నల్లహారం మట్టికొట్టుకుపోయింది. చిన్న నాటుపెట్ట దాని వీపు మీదుగా నడిచి వెళ్లి నీళ్లు తాగింది. జేజి చెంబు ముంచి, ఆ బొచ్చుకాళ్ల మీద నిదానంగా పోస్తోంది.

"ఇంకో నెల ఓర్సుకో నాయనా," అంటోంది దాంతో. "పెన్నకు నీళ్లొస్తాయి."